మా ఒలేతా పొట్టోడు

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఒలేతా అని ఒక ఊరుంది, నేను చెప్పబోయే పొట్టి ఫుట్‌బాల్ ఆటగాడిది ఆ ఊరే. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే 'ఓలాతే' అని చదవబుద్ధేస్తుంది. మేమూ మొదటి రెండు నెలలు అలాగే చదివాం, ఎవరూ దిద్దలేదు, లోపల నవ్వుకునే ఉంటారు. షానీ తెగవాళ్ల భాషలో ఆ మాటకి 'అందమైనది' అని అర్థమట. 2000 సెప్టెంబరులో నేను దిగేసరికి మాత్రం నాకు అందం ఏమీ కనపడలేదు, చదునైన నేల, దాని మీద రోడ్డు, ఆ రోడ్డు చివర ఇంకో రోడ్డు. చలి ఇంకా రాలేదు గానీ చలి వస్తుందని భయపెట్టేవాళ్లు చాలామంది వచ్చారు.

పక్కనే ఓవర్‌లాండ్ పార్కు అనే ఊళ్లో స్ప్రింట్ అనే ఫోన్ కంపెనీ అప్పుడు పెద్ద క్యాంపస్ కడుతోంది, ఎటు చూసినా ఇటుక భవనాలే. మధ్యాహ్నం కెఫెటేరియాలో నిలబడితే ఆంధ్రా బ్యాంకు క్యూలో నిలబడ్డట్టుండేది, అంతమంది మనవాళ్లు. నలుగురం కలిసి ఒక అపార్ట్‌మెంటు, నలుగురికీ ఒక ముసలి టొయోటా, వంటకి వంతులు. శనివారం షానీ అనే పక్క ఊళ్లో ఉన్న గుడికి వెళ్లి పులిహోర తినడం. అంతే జీవితం.

ఇప్పుడు నా గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను 5 అడుగుల 4 అంగుళాలు. మా ఊరు తెనాలి దగ్గర. సాయంత్రమైతే చెరువుగట్టు పక్కన చెడుగుడు ఆడేవాళ్లు. జట్లు పంచుకునేటప్పుడు చివరికి మిగిలేది నేనే, అప్పుడు ఎవరో ఒకరు 'వాణ్ని ఆటలో అరటిపండు కింద వేసుకోండ్రా' అనేవాళ్లు. ఆటలో అరటిపండు అంటే తెలుసుగా, ఆడుతున్నట్టే ఉంటాడు, ఔటైనా లెక్కలేదు, పాయింటు తెచ్చినా లెక్కలేదు. హైస్కూల్లో జట్టు ఎంపిక చేసినప్పుడు డ్రిల్లు మాస్టారు నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, తలమీద స్కేలు పెట్టి సుద్దముక్కతో గీత గీసి, 'వచ్చే ఏడు చూద్దాంలే' అన్నారు. వచ్చే ఏడు కూడా గీత దాదాపు అక్కడే ఉంది.

ఆఫీసులో నా పక్క సీటాయన ఒలేతావాడే, వాళ్లమ్మాయి హైస్కూలు బ్యాండులో క్లారినెట్ వాయించేది. ఒకరోజు 'శుక్రవారం రాత్రి ఏం చేస్తున్నావ్' అని అడిగాడు. 'అన్నం వండుతున్నాను, ఈ వారం నా వంతు' అన్నాను. ఆయన కాసేపు జాలిగా చూసి, 'మా స్కూలు మ్యాచ్‌కి రా' అన్నాడు.

స్కూలు మ్యాచ్ అంటే ఏముంటుంది, చెట్టుకింద నాలుగు కుర్చీలు, హెడ్మాస్టారు, ఒక విజిల్ అనుకుని వెళ్లాను. ఫ్లడ్ లైట్లు, స్కోరుబోర్డు, వేలమంది జనం, తాతలు, చంటిపిల్లలు, ముఖాలకి రంగులు, తిరునాళ్లలా ఉంది. అవి పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లల ఆటలంటే నమ్మలేకపోయాను. ఒలేతా నార్త్ హైస్కూలంటే ఆ రోజుల్లో కాన్సస్ మొత్తానికీ పేరున్న జట్టు, జీన్ వియర్ అనే కోచ్ ఉండేవాడు, రాష్ట్ర చాంపియన్లు కావడం ఆ స్కూలుకి అలవాటైపోయింది.

ఇది మన ఫుట్‌బాల్ కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తే కోడిగుడ్డు బంతి. ఒక్కో జట్టుకి పదకొండుమంది. నాలుగు ఛాన్సుల్లో 10 యార్డులు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు. పక్కాయన రూల్స్ చెబుతూనే ఉన్నాడు, నాకు ఒక్కటీ ఎక్కడం లేదు. అప్పుడొక కుర్రాడు బంతి పట్టుకున్నాడు. పట్టుకోవడం చూశాను, తర్వాత కనపడలేదు. ముందున్న పెద్దపెద్ద శరీరాల వెనక్కి పోయాడు, గోడ చాటుకి పోయిన పిల్లిలాగా. అవతలివాళ్లు కూడా నాలాగే వెతుకుతున్నారు. అంతలో ఆ గుంపుకి ఇంకో పక్కనుంచి బయటికొచ్చాడు, ఒకడు మీదపడబోతే వాడి చంక కిందనుంచి జారాడు, ఇంకొకడు కాళ్లు అందుకోబోతే ఆగాడు. ఒక్క క్షణం ఊరికే ఆగాడు! పట్టుకోబోయినవాడు ముందుకి పోయి బోర్లాపడ్డాడు. ఇక తర్వాత ఎవరికీ అందలేదు.

నేను లేచి నిలబడి ఉన్నానని నాకు తర్వాత తెలిసింది. ఎందుకంటే నాకు ఫుట్‌బాల్ అర్థం కాలేదు గానీ ఆ పరుగు అర్థమైంది, అది చెడుగుడు. కూతకెళ్లినవాడు పట్టు తప్పించుకుని గీత దగ్గరికి వచ్చే పరుగు. 'ఎవరా అబ్బాయి' అని అడిగితే పక్కాయన 'డారెన్ స్ప్రోల్స్' అని, వెంటనే 'కానీ పొట్టి. కాలేజీ దాకా ఓకే. ఆపైన కష్టం' అన్నాడు. ఎంత పొట్టి అన్నాను. 5 అడుగుల 6 అంగుళాలన్నాడు. నాకంటే రెండంగుళాలు ఎక్కువ. నేనేం మాట్లాడలేదు.

ఆదివారం ఫోన్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకి ఇదంతా చెప్పాను, ఏదో ఒకటి చెప్పాలి కదా, తిన్నావా అంటే తిన్నాను అన్న తర్వాత ఇంకేం మిగలదు. అమ్మ అంతా విని, 'ఎంత పొడుగేం?' అంది. చెప్పాను. 'మరి నీకంటే పొడుగేగా, పొట్టోడంటావేంరా' అంది. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా 'నీ పొట్టబ్బాయి ఎట్లా ఆడుతున్నాడు' అని అడగడం ఆవిడకి అలవాటైంది. ఒలేతా అనే పేరు ఆవిడ నోటికి ఎప్పుడూ తిరగలేదు, 'పొట్టబ్బాయి ఊరు' అనేది.

ఆ సీజనంతా శుక్రవారాలు వెళ్లాను, వంట వంతు ఎవరికో అమ్ముకుని మరీ. పేపర్లో వచ్చిన ప్రతి ముక్కా చదివేవాణ్ని. పుట్టినప్పుడు 10 పౌండ్లు ఉన్నాడట, అంటే నాలుగున్నర కిలోలు, అందుకని 'ట్యాంక్' అని ముద్దుపేరు. పుట్టింది అయోవా రాష్ట్రంలో వాటర్లూ, చిన్నప్పుడే ఒలేతా వచ్చారు. వాళ్ల నాన్న కూడా ఆ ఊళ్లోనే ఉన్న కాలేజీకి ఆడినవాడే. ఇంకో సంగతి, వాడికి నత్తి. మైకు ముందు మాట్లాడాలంటే ఇబ్బంది. పిట్ట కొంచెం కూత ఘనం అని రాయబోయి ఆగాను, ఎందుకంటే వీడి విషయంలో పిట్టా కొంచెమే, కూతా కొంచెమే. పరుగొక్కటే ఉంది. (వాడు వీడు అంటున్నానని ఏమీ అనుకోకండి, హైస్కూలు పిల్లాడిగా చూశాను, ఇప్పుడు నలభై దాటినా నాకు వాడే.)

కాలేజీకి కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. ఆ ఊరి పేరు మన్‌హట్టన్, న్యూయార్క్‌లోది కాదు, కాన్సస్‌లోనే, ఒలేతా నుంచి కారులో రెండు గంటలు. కోచ్ బిల్ స్నైడర్. దేశంలోకెల్లా పనికిమాలిన జట్టని పేరుపడ్డదాన్ని పైకి తెచ్చినాయన, పొడుగు ఒక్కటే చూడని మనిషి.

ఇక్కడ నా కథ కొంచెం పాడైంది. 2002లో ప్రాజెక్టు పోయింది, కన్సల్టెన్సీవాడు బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఆపాడు, వీసా టెన్షన్ ఒకటి. ఫోన్ ఇంటర్వ్యూల్లో నా ఇంగ్లీషు అవతలివాడికి అర్థంకాక రెండుసార్లు 'సారీ?' అంటే మూడోసారి నాకే నత్తి వచ్చేది. ఐదు నెలలకి మళ్లీ ఉద్యోగం దొరికింది, కాన్సస్ సిటీలోనే. ఆ ఐదు నెలలూ శనివారాలు టీవీలో వాడి మ్యాచ్ చూడటం, ఆదివారం అమ్మకి అంతా బాగానే ఉందని అబద్ధం చెప్పడం. పొట్టబ్బాయి ఎట్లా ఆడాడు అంటే మాత్రం నిజం చెప్పేవాణ్ని.

2003 డిసెంబరు 6. ఈ తేదీ నాకు పెళ్లిరోజుకంటే బాగా గుర్తు, ఈ ముక్క మా ఆవిడ చదవదని ధైర్యం. బిగ్ 12 అనే కాలేజీ జట్ల కూటమి (కాన్ఫరెన్స్ అంటారు) ఫైనలు, కాన్సస్ సిటీలోనే, యారోహెడ్ స్టేడియంలో. అవతల ఓక్లహోమా, దేశంలో నంబర్ వన్, ఆ ఏడు ఒక్క మ్యాచ్ ఓడలేదు. మా ఆవిడ ఇండియా నుంచి వచ్చి మూడు వారాలైంది. టికెట్లు కొందామా అని లెక్కేసుకుని, ఆ డబ్బుతో ఆవిడకి చలికోటు కొని, ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. ఇరవై మైళ్ల దూరంలో జరుగుతున్న మ్యాచ్‌ని టీవీలో చూడటం అదో రకం బాధ. మొదట ఓక్లహోమావాళ్లే స్కోరు చేశారు, 7-0. అయిపోయిందిలే అనుకున్నాను. ఇక అక్కడనుంచి వాళ్లకి ఒక్క పాయింటు కూడా రాలేదు. వాడు 22 సార్లు బంతి పట్టుకుని 235 యార్డులు పరిగెత్తాడు, పాసులు అందుకుని ఇంకో 88. అందులో ఒకటి చిన్న పాసు, ఊరికే పక్కకి వేసింది, దాన్ని పట్టుకుని 60 యార్డులు వెళ్లి అవతలి చివరి గీత దాటాడు, దాన్నే టచ్‌డౌన్ అంటారు. చివరికి 35-7. కాన్సస్ స్టేట్ తన కాన్ఫరెన్స్ గెలవడం 1934 తర్వాత అదే మొదటిసారి. మా కింది ఇంటివాళ్లు కర్రతో సీలింగు పొడిచారు, మేం ఎగురుతున్నామని. మా ఆవిడకి ఒక్క రూలూ తెలియదు, నాతోపాటు ఎగిరింది, అంతే.

ఆ సంవత్సరం వాడు 1,986 యార్డులు పరిగెత్తాడు, కాలేజీ ఆటగాళ్లలో మేటికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓట్లలో ఐదోవాడు. చాలామంది అక్కడితో కాలేజీ వదిలేసి ప్రొఫెషనల్ లీగుకి పోతారు, వీడు పోలేదు, నాలుగో ఏడు కూడా ఆడాడు. 2004లో వాళ్లమ్మ క్యాన్సర్‌తో పోయింది. ఆ వార్త చదివిన వారం నేను రెండుసార్లు ఇంటికి ఫోన్ చేశాను. ఎందుకురా మధ్యలో చేశావు అంది అమ్మ. ఊరికే అన్నాను.

లీగులోకి తీసుకునే ముందు ఇండియానాపొలిస్‌లో ఒక పరీక్ష పెడతారు. సంతలో ఎద్దుని కొనేటప్పుడు పళ్లు లెక్కబెట్టి, డెక్కలు ఎత్తి చూసి, నాలుగడుగులు నడిపిస్తారే, సరిగ్గా అదే. పొడుగు కొలుస్తారు, అరచెయ్యి కొలుస్తారు, బరువు తూస్తారు. మళ్లీ అదే గోడ, అదే స్కేలు, నా డ్రిల్లు మాస్టారే గుర్తొచ్చారు. 5 అడుగుల 6 అంగుళాలే వచ్చింది, హైస్కూల్లో పక్కాయన చెప్పిందే. లీగు జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేదాన్ని డ్రాఫ్టు అంటారు. 2005 డ్రాఫ్టులో నాలుగో రౌండు దాకా ఎవరూ పిలవలేదు, 130వ పేరుగా శాన్ డియేగో చార్జర్స్ తీసుకుంది. కాలేజీలో దాదాపు 5,000 యార్డులు పరిగెత్తినవాడికి ముందు 129 మంది!

చార్జర్స్‌లో లడేనియన్ టామ్లిన్సన్ ఉన్నాడు, బంతి పట్టుకుని పరిగెత్తే పనిలో అప్పట్లో దేశంలోనే గొప్పవాడు. అతనుండగా వీడికి బంతి ఎవరిస్తారు. కిక్కులు వెనక్కి తెచ్చే పని ఇచ్చారు. చెప్పుకోడానికి చిన్న పనే గానీ, ఆలోచించండి, అవతలివాడు బంతిని ఆకాశంలోకి తంతాడు, అది కిందికొచ్చేలోపు పదకొండుమంది మీదికి పరిగెత్తుకొస్తుంటారు, వాళ్లని చూడకూడదు, తల పైకెత్తి బంతినే చూడాలి. 2006లో సీజను మొదలు కాకముందే చీలమండ విరిగి ఆ ఏడాదంతా పోయింది. నేను అప్పటికి డాలస్ మారాను. అక్కడ వాణ్ని ఎరిగినవాడు లేడు, అందరూ ఆ ఊరి జట్టు కౌబాయ్స్ అభిమానులే.

2007 దీపావళి అయిన రెండో రోజు, ఆదివారం రాత్రి, ఇండియానాపొలిస్ కోల్ట్స్‌తో మ్యాచ్. మొట్టమొదటి కిక్కే పట్టుకుని 89 యార్డులు, టచ్‌డౌన్. లీగులో అదే వాడి మొదటిది. కాసేపటికి పంట్ ఒకటి (ఛాన్సులు అయిపోతున్నవాళ్లు అవతలికి తన్నేసే బంతి) అందుకుని 45 యార్డులు, ఇంకొకటి. నేను కాన్సస్‌లోని పాత పక్కసీటాయనకి ఫోన్ చేశాను, మూడేళ్లయింది మాట్లాడి. ఎత్తగానే 'చూస్తున్నా, చూస్తున్నా' అని పెట్టేశాడు.

అదే కోల్ట్స్ మీద 2009 జనవరి 3న ప్లేఆఫ్ మ్యాచ్, అన్నీ కలిపి 328 యార్డులు. సమం అయి ఓవర్‌టైంకి పోతే, 22 యార్డులు పరిగెత్తి ఆట ముగించినవాడూ వీడే. 23-17. ఒళ్లో మా పాప నిద్రపోతోంది, అరవడానికి లేదు, దిండు కొరుక్కున్నాను.

అసలు ఎలా కుదురుతుంది అని చాలామంది అడిగేవాళ్లు. పొట్టోడు అంటే బక్కోడు అనుకుంటారు. కాదు, వాడు దాదాపు 86 కిలోలు, తొడలు రోలులా ఉంటాయి. ముందు కాపుకాసేవాళ్లు ఆరున్నర అడుగులు, ఒక్కొక్కడు 140 కిలోలు. వాళ్ల వెనక దాక్కుంటే అవతలివాడికి కనపడడు, కనపడేసరికి పక్కనుంచి పోయి ఉంటాడు. పొడుగువాడు వంగి పట్టుకోవాలి, వంగితే కాలు జోరు పోతుంది. చెరువుగట్టు మీద ఇది మాకు ఎనిమిదేళ్లకే తెలుసు, కాకపోతే అక్కడ కొలతలు వేసేవాళ్లకి తెలియదు.

2011లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌కి మారాడు. అక్కడ క్వార్టర్‌బ్యాక్, అంటే పాసులు విసిరేవాడు, డ్రూ బ్రీస్, ఆరడుగులు ఉన్నా పొట్టి అనిపించుకున్న మనిషి, ఆ ఆటలో లెక్కలు అలా ఉంటాయి. ఆ ఏడు పరుగులు, పాసులు, కిక్కులు అన్నీ కలిపి వాడు 2,696 యార్డులు చేశాడు, ఒక సీజన్లో లీగు చరిత్రలోనే రికార్డు. అంతకుముందు రికార్డు 2,690, డెరిక్ మేసన్‌ది, అది పెట్టింది 2000లో. అంటే నేను అన్నం వంతు అమ్ముకుని ఒలేతా స్టేడియంలో కూర్చున్న ఆ నెలల్లోనే. అక్కడెక్కడో ఒకాయన ఆ రికార్డు పెడుతున్నాడు, ఇక్కడ దాన్ని కొట్టబోయేవాడు స్కూలు బస్సు దిగుతున్నాడు. ఈ లెక్క దొరికిన రోజు ఎవరికైనా చెప్పాలనిపించింది, ఇంట్లో ఎవరూ వినలేదు, అందుకే ఇక్కడ చెబుతున్నా.

2014లో ఫిలడెల్ఫియా ఈగల్స్. హైస్కూలు జట్టు పేరూ ఈగల్సే. వరసగా మూడేళ్లు ప్రో బౌల్, అంటే లీగులో మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపిక. మొత్తం పదిహేను సీజన్లు, 2019 డిసెంబరులో ఆపేసేసరికి అన్నీ కలిపి 19,696 యార్డులు. కిలోమీటర్లలో చూస్తే 18, తెనాలిలో బయల్దేరితే గుంటూరు కూడా రాదు. కాకపోతే దారి పొడుగునా మీదపడేవాళ్లే.

2017 సంగతి చెప్పకుండా పోవాలనుకున్నాను గానీ పోలేను. ఆ ఫిబ్రవరిలో ఒలేతాలో ఒక బారులో 'మా దేశం నుంచి పొండి' అంటూ ఒకడు ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద కాల్పులు జరిపాడు, ఒకరు చనిపోయారు. అడ్డుపడబోయిన అక్కడి కుర్రాడికీ తూటా తగిలింది. నేను ఆ ఊళ్లో దిగిన పదిహేడేళ్లకి మన ఛానళ్లన్నిట్లో ఆ ఊరి పేరు విన్నాను, అదీ 'ఓలాతే' అనే. నేను డాలస్‌లో ఆఫీసులో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసింది, ఎప్పుడూ నేను చేసేదే గానీ ఆవిడ చేయదు. 'ఆ ఊరేనా' అంది. అవునన్నాను. 'పొట్టబ్బాయి ఊరేనా' అంది మళ్లీ. అవునమ్మా అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, వెనక టీవీ మోగుతోంది. 'నువ్వక్కడ రాత్రిళ్లు తిరిగేవాడివి కదరా, ఆ ఆటలకి' అంది.

ఆ సెప్టెంబరులోనే మా పొట్టోడికి ఒకే దెబ్బలో చెయ్యి విరిగింది, మోకాలి లిగమెంటు తెగింది. 34 ఏళ్లు. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ, అయిపోలేదు, తర్వాత రెండేళ్లు మళ్లీ ఆడాడు, అది వేరే సంగతి. ఆ సీజను చివరే, 2018 ఫిబ్రవరి 4న, ఈగల్స్ 41-33తో పేట్రియట్స్ మీద సూపర్ బౌల్, అంటే లీగు ఫైనలు, గెలిచింది. అన్నేళ్లు ఆడినవాడు, ఆ ఒక్క మ్యాచ్ ఆడలేకపోయాడు. నేను అమ్మకి ఫోన్ చేసి పొట్టబ్బాయి జట్టు గెలిచిందమ్మా అన్నాను.

'ఆడాడా?'

'లేదు, కాలు బాగాలేదు. కానీ గెలిచిన జట్టులో ఉన్నాడుగా, వాడికీ ఉంగరం ఇస్తారు.'

'ఆడకపోయినా ఇస్తారా? మంచివాళ్లే. బంగారమేనా?'

'తెల్ల బంగారం అమ్మా. వజ్రాలు కూడా పొదుగుతారు.'

అమ్మ కాసేపు ఆలోచించింది. 'తెల్ల బంగారమేంట్రా, వెండి అని చెప్పు. పోనీలే, పిల్లాడు ఏమనుకుంటాడో, నువ్వేం అనకు' అంది.